రాయవేలూరు ప్రయాణము

చదువు నడుమ ఆగిపోయిన ఆడపిల్ల లేని బంధువర్గము మనలో అరుదు. ఒకతెకు పెండ్లి అడ్డువచ్చును. ఒకతె ఇంట రాబడి చాలదు. ఒకతె జబ్బుమనిషి మంచము చెంత నిలువవలసి వచ్చును. ఆగిన చదువును మరల సాగింపవచ్చునని మనమందరము నోటితో సులభముగా చెప్పుదుము. కాని తనతోడివారు పట్టములు పుచ్చుకొని పోయిన పిమ్మట, తనకంటె చిన్నవారి నడుమ, విడిచిన తరగతిలోనే మరల కూర్చుండుట ఎంత బరువైన పనియో ఆ కూర్చుండబోవు పిల్లకే తెలియును. గడచిన జూను నెలలో మేము అట్టి పిల్ల నొకతెను వెంటబెట్టుకొని రాయవేలూరు పోయివచ్చితిమి. ఆ దారిలో చూచినదియు విన్నదియు మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది మదనపల్లె. తాతల కాలము నుండి క్రైస్తవ కుటుంబము. రెండేండ్ల క్రిందట వేసవిలో మా చెల్లెలు మిద్దెమీద చింతపండు ఎండబోసి దిగివచ్చుచు మెట్లపై కాలుజారి పడెను. వెన్నెముక దెబ్బతిని నడుము క్రింద స్పర్శ పోయెను. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి తీసికొనిపోగా, శస్త్రచికిత్స చేసి, పిమ్మట బాగాయములోని వారి పునరావాస వైద్యశాలలో కొన్ని నెలలుంచి, చక్రాల కుర్చీలో కూర్చుండి బ్రదుకు నేర్పు నేర్పి పంపిరి. మా మరిది టమాటా మండీలో లెక్కలు వ్రాయువాడు. తెల్లవారకముందే ఇల్లు విడువవలసినవాడు. వారికి ఒక్కతియే కూతురు. ఆ పిల్ల బి.యస్సీ. రెండవ సంవత్సరము నడుమ చదువు మానుకొని తల్లి ప్రక్కకు వచ్చి చేరెను.

రెండేండ్లు ఆ బిడ్డ చేసిన సేవ మేము కన్నులార చూచితిమి. పడకపుండ్లు పడకుండ రాత్రి రెండు గంటల కొకసారి లేచి తల్లిని ప్రక్కకు తిప్పెడిది. మంచము నుండి కుర్చీలోనికి, కుర్చీ నుండి మంచము మీదికి తానే ఎత్తి దింపెడిది. ఊరివారందరును మెచ్చుకొనిరి. కాని ఒకటి మాత్రము మేము ఆలస్యముగా గమనించితిమి. ఇంటిలో రాత్రి ప్రార్థనవేళ ఆ పిల్ల తల వంచుకొని కూర్చుండుటయే గాని నోరు విప్పుట మానివేసెను. ఒకనాడు మెల్లగా అడుగగా, “పెద్దమ్మా, అమ్మ కాళ్లు రావలెనని మొదటి సంవత్సరమంతయు ప్రార్థించితిని. రాలేదు. ఇంకేమి అడుగవలెనో నాకు తెలియదు” అనెను. దానికి చెప్పదగిన మాట అప్పుడు మాకు దొరకలేదు.

ఈ సంవత్సరము కళాశాలనుండి ఉత్తరము వచ్చెను. ఫలానా తేదీలోపల వచ్చినచో రెండవ సంవత్సరమున మరల చేర్చుకొందుమనియు, ఆ పిమ్మట వీలులేదనియు దాని సారాంశము. తల్లి పొమ్మనెను. కూతురు పోననెను. “చదివినదంతయు మరచితిని. నా వెనుకటివారితో కూర్చుండవలెను. అమ్మను ఎవరు ఎత్తుదురు?” అని మూడు కారణములు చెప్పెను. మూడవది బలమైన కారణము. కాని మొదటి రెండు దాని వెనుక దాగియున్నవని మాకు తోచెను. చెల్లెలికి వేలూరులో పరీక్ష చేయించవలసిన తరుణమును అప్పుడే వచ్చెను. ముందు వేలూరు పోయి, తిరుగుదారిలో కళాశాల వాకిటివరకు పోవుదమని, అక్కడ లోనికి పోవుటయో మానుటయో అమ్మాయియే నిర్ణయించుకొనవచ్చునని ఒడంబడిక చేసికొని మేము ముగ్గురము అద్దెకారులో బయలుదేరితిమి.

మదనపల్లెనుండి పుంగనూరు, పలమనేరు మీదుగా పోవు దారి అది. పలమనేరు దాటిన పిమ్మట మొగిలి కనుమలో బండి దిగుచున్నకొలది మా ఊరి చల్లగాలి వెనుకబడి, చిత్తూరు సీమ వేడిమి ముఖమునకు తగిలెను. బంగారుపాళెమువద్ద మామిడికాయల బండ్లు బారులు తీరియుండెను. చెల్లెలు బండి నాపించి, తాను కుర్చీలోనుండియే ఒడినిండ కాయలు బేరము చేసెను. రెండేండ్ల తరువాత ఆమె బేరమాడుట వినుట మాకు పండుగవలె నుండెను. చిత్తూరు దాటి సరిహద్దు సమీపించగా క్రిష్టియన్‌పేట వచ్చును. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు ఈ చిత్తూరును వేలూరును ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో నుండినవి. కనుకనే ఆ ప్రాంతమున సంతలో ఎవరు తెలుగువారో ఎవరు అరవవారో మాట విన్నదాక తెలియదు. విన్నను ఒక్కొక్కప్పుడు తెలియదు.

కాట్పాడి దాటగానే పాలారు. పేరు పాలయేరే గాని మేము పోయిననాడు అంతయు ఇసుకయే. వంతెన దాటిన పిమ్మట వేలూరు. మనవారు దీనిని రాయవేలూరని పిలుచుట ఊరక కాదు. 1565లో తళ్లికోట యుద్ధము తరువాత విజయనగర రాజులు హంపీని విడిచి పెనుగొండకును, అటనుండి చంద్రగిరికిని, పిదప ఈ వేలూరికిని రాజధానిని మార్చుకొనిరి. ఊరి నడుమ వారికాలపు రాతికోట నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. చుట్టును నీటి కందకము, లోపల జలకంఠేశ్వరస్వామి ఆలయము, ఒక మసీదు, ఒక చర్చి. 1806 జూలై 10వ తేదీన సిపాయిలు తెల్లదొరలపై తిరుగబడినది ఈ కోటలోనే. మా కారు కోటగోడ ప్రక్కగా పోవుచుండగా అమ్మాయి కిటికీలోనుండి కందకమువైపు చూచుచుండెను గాని చూపు అక్కడ లేదని మాకు తెలియుచుండెను.

ఆసుపత్రి వీథులగూర్చి ఒకమాట చెప్పవలెను; పోవలసివచ్చిన సోదరీమణుల కుపయోగపడును. ఆ ప్రాంతమున రోగుల బంధువులకు గదులు అద్దెకిచ్చు ఇండ్లు అనేకములు గలవు. కొన్నింటిలో పొయ్యియు గిన్నెలును కూడ ఇత్తురు. బియ్యము, పప్పు, చింతపండు వెంటబెట్టుకొని పోయినచో పథ్యము తప్పకుండ వండుకొనవచ్చును. అంగళ్లవారు తెలుగు, హిందీ, బంగాళీ కూడ మాటలాడుదురు. దేశము నలుమూలలనుండి వచ్చినవారితో ఆ వీథి ఎప్పుడును తిరునాళ్లవలె నుండును. కాని తిరునాళ్లలో నవ్వులుండును, ఇక్కడ ప్రతి చేతిలోను ఒక కాగితముల కట్ట యుండును.

ఆ రాత్రి గదిలో చారు కాచుకొని అన్నము తిన్న పిమ్మట, చెల్లెలు కూతురిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఈ ఆసుపత్రి పుట్టిన కథ చెప్పెను. ఇక్కడ నెలల తరబడి పడియున్నప్పుడు ఆమె నర్సులవలన విన్న కథ అది.

ఐడా స్కడ్డరు 1870లో వేలూరికి సమీపమున రాణిపేటలో పుట్టిన అమెరికా పిల్ల. తాతయు తండ్రియు మిషనరీ వైద్యులు. ఆమెకు మాత్రము ఈ దేశమన్నను ఈ పనియన్నను ఇష్టము లేదు. అమెరికాలో పాఠశాల చదువు ముగించుకొని, తల్లికి జబ్బుగా నున్నదని తిండివనమునకు వచ్చినది. తల్లి కోలుకొనగానే తిరిగి పోవలెననియే ఆమె కోరిక. ఒక రాత్రి ముగ్గురు మగవారు ఒకరి తరువాత ఒకరు వచ్చి తలుపు తట్టిరి. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు మహమ్మదీయుడు, మరియొకరు మరియొక కులపు హిందువు. ముగ్గురి భార్యలును ప్రసవవేదనలో నుండిరి. ఐడా తనకు వైద్యము రాదని, తన తండ్రిని పంపెదనని చెప్పెను. పరపురుషుడు చూడరాదని ముగ్గురును మరలిపోయిరి. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరని తెలిసెను. ఆ ఉదయమే ఆమె, తాను వైద్యము చదివి ఈ దేశమునకు తిరిగివత్తునని తల్లిదండ్రులకు చెప్పెను.

ఇక్కడికి వచ్చునప్పటికి అమ్మాయి తల యెత్తి, “ఆ ముగ్గురు స్త్రీల కొరకు ఎవరును ప్రార్థింపలేదా అమ్మా? ఎవరి దేవుని వారు వేడుకొనియే యుందురు గదా!” అనెను.

ఆ ప్రశ్నలో ఆ బిడ్డ రెండేండ్ల బాధ యంతయు నున్నది. చెల్లెలు వెంటనే జవాబు చెప్పలేదు. కొంతసేపటికి, “వేడుకొనియే యుందురు. ఆ రాత్రి వారికి మేలు జరుగలేదు. జరిగినదని నేను నీతో అబద్ధమాడను. కాని ఆ రాత్రి ఒక పిల్ల మేలుకొన్నది. ఆ మేలుకొనుటయు దేవుని పనియే యని నేను నమ్ముచున్నాను. ఇంతకంటె నాకును తెలియదు” అనెను.

తరువాతి కథయు చెప్పెను. ఐడా కొన్నేండ్ల యెడము తరువాత, 1895లో ఫిలడెల్ఫియా స్త్రీల వైద్య కళాశాలలో చేరెను. కార్నెల్ వైద్య కళాశాలవారు స్త్రీలను చేర్చుకొన మొదలిడగా అచ్చటికి మారి 1899లో పట్టము పొందెను. 1900 సంవత్సరారంభమున హిందూదేశమునకు వచ్చెను. తండ్రి చెంత నుండి పని నేర్చుకొందునని తలచినది. కాని ఆ సంవత్సరమే తండ్రి చనిపోయెను. ఇంటిలోని చిన్న గదిలో ఒంటరిగా వైద్యము మొదలుపెట్టెను. అమెరికాలో ఒక దాత తన భార్య జ్ఞాపకార్థ మిచ్చిన పదివేల డాలర్లతో 1902లో షెల్ ఆసుపత్రి వెలసెను. అది నేడు కంటి వైద్యశాల. 1918లో స్త్రీల కొరకు వైద్య పాఠశాల తెరచిరి. స్త్రీలు వైద్యము చదువ వత్తురా యని పెద్ద అధికారులే సందేహించిన కాలమది. పిదప పాఠశాలలు చాలవు, కళాశాలలే కావలెనని మద్రాసు ప్రభుత్వము నిబంధన చేయగా, డెబ్బది దాటిన వయస్సున ఆమె 1941లో మరల అమెరికా పోయి విరాళములు కూర్చెను. 1942లో యం.బి.బి.యస్. చదువు ఆరంభమయ్యెను. 1947 నుండి మగపిల్లలను కూడ చేర్చుకొనిరి. 1960లో ఆమె కొడైకెనాలులో కన్నుమూసెను.

మరునాడు ఉదయము బాగాయము పోయితిమి. ఊరికి దక్షిణముగా, కొండల చెంత, చెట్ల నీడలో నున్న చోటు అది. వైద్య కళాశాల అక్కడనే. పునరావాస వైద్యశాలయు అక్కడనే. ఈ వైద్యశాలను గూర్చి చెప్పునపుడు ఒక పేరు తలపక తీరదు.

మేరీ వర్గీసు 1925లో కొచ్చిలో ఒక క్రైస్తవ కుటుంబమున పుట్టినది. ఈ కళాశాలలోనే వైద్యము చదివి స్త్రీల వైద్యమున నైపుణ్యము సంపాదింపవలెనని ఉండగా, 1954లో తోడివారితో కలసి పోవుచున్న బండి బోల్తాపడి ఆమె వెన్నెముక దెబ్బతినెను. ముఖమున లోతైన గాయమయ్యెను. నడుము క్రింద మరి కదలిక రాలేదు. ఆమెయు లేచి నడువవలెననియే ప్రార్థించినది. నడక రాలేదు. ఆ కాలమున ఇక్కడ కుష్ఠురోగుల వంకరపోయిన వ్రేళ్లను శస్త్రచికిత్సచే సరిచేయుచున్న డాక్టరు పాల్ బ్రాండు, చేతులకు చేయు శస్త్రచికిత్స కూర్చుండియే చేయునది గదా, నీవెందుకు చేయరాదని ఆమెతో ననెను. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండి ఆ పని నేర్చుకొనెను. అంతటితో ఆగలేదు. ముప్పది దాటిన వయస్సున, మరల విద్యార్థినియై, ఆస్ట్రేలియాకును, పిదప న్యూయార్కులో డాక్టరు హోవర్డ్ రస్కు నడపు సంస్థకును పోయి పునరావాస వైద్యము చదివెను. తిరిగివచ్చి 1963లో ఇక్కడ ఆ శాఖకు పెద్దయయ్యెను. రోగులుండుటకు తగిన వైద్యశాల 1966లో తెరవబడెను. 1972లో ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చి గౌరవించెను. 1986లో ఆమె పరమపదించెను. మా చెల్లెలు కుర్చీలో కూర్చుండి బ్రదుక నేర్చినది, కుర్చీలో కూర్చుండి పనిచేసిన ఆ తల్లి నాటిన చెట్టు నీడలోనే.

అక్కడ వ్యాయామము నేర్పు ఒక యువతి చెల్లెలిని పరీక్షించెను. చేతుల బలము చూచి కనుబొమ్మలు ముడిచెను. “ఇక్కడనుండి పోవునప్పుడు మీ చేతులింత సన్నగా లేవు. ఇంటివద్ద మంచము నుండి కుర్చీలోనికి మీరే జరుగుచున్నారా?” అని అడిగెను. చెల్లెలు మాటలాడలేదు. అమ్మాయి, “నేనే ఎత్తుదునండీ. ఒక్కనాడును ఆమెను కష్టపడనీయలేదు” అనెను. ఆ మాటలో కొంచెము గర్వము లేకపోలేదు.

ఆ యువతి మందలింపలేదు. ఒక నున్నని చెక్క పలక తెచ్చి మంచమునకును కుర్చీకిని నడుమ వంతెనవలె వేసి, అమ్మాయితో, “మీరు ఆ గోడవద్దకు పోయి నిలుచుండుడు. నేను పిలుచువరకు రాకూడదు” అనెను.

చెల్లెలు రెండు చేతులును ఊని ఒడలు పైకెత్తెను. జానెడు జరిగెను. ఆగెను. చెమట కారుచుండెను. కాలొకటి జారి క్రిందికి వ్రేలాడగా, చేతితో దానిని పట్టి పైకి పెట్టుకొనెను. గోడవద్ద అమ్మాయి రెండడుగులు ముందుకు వేసి మరల ఆగెను. మాకును లేచి పోవలెననిపించినది. ఆ యువతి చూపు మమ్మును కూర్చుండబెట్టినది. ఐదు నిమిషములు పట్టియుండును. తుదకు చెల్లెలు కుర్చీలో చేరి, చీర సవరించుకొని, కూతురివైపు చూచి నవ్వెను.

అమ్మాయి ముఖము గోడవైపు త్రిప్పుకొని ఏడ్చెను. అది సంతోషమో, తన అవసరము తీరిపోయినదను దిగులో మేము చెప్పజాలము. రెండును కావచ్చును. ఇండ్లలో రోగులకు సేవచేయు సోదరీమణులు ఈ సంగతి గమనింతురు గాక! ప్రేమతో మనము చేయు పని ఒక్కొక్కప్పుడు రోగి చేయగల పనిని కూడ చేతిలోనుండి లాగికొనును. చెల్లెలు తన చేతులను వాడకుండుట కూతురి మీది జాలిచేత. కూతురు చదువునకు పోకుండుట తల్లిమీది జాలిచేత. ఒకరి నొకరు కాపాడుకొనబోయి ఇద్దరును బలహీనులైరి.

ఆ సాయంకాలము ఊరిలోని పెద్ద ఆసుపత్రికి వచ్చి అక్కడి ప్రార్థనామందిరమున కూర్చుంటిమి. అన్ని మతముల రోగులును వారి బంధువులును వచ్చి ఎవరి తోచిన రీతిని వారు మౌనముగా కూర్చుండి పోవుచుండిరి. మా ముందువరుసలో ముసుగు వేసికొన్న ఒక మహమ్మదీయ తల్లి ఒడిలో బిడ్డను పెట్టుకొని కండ్లు మూసికొనియుండెను. ఈ సంస్థవారు తమకు ధ్యేయముగా క్రీస్తుప్రభువు మాట నొకదానిని ఎన్నుకొనిరి. ఒకరిచేత ఊడిగము చేయించుకొనుట తన రాకకు కారణము కాదనియు, ఒకరికి చేయుటయే కారణమనియు ఆ మాట భావము. మత్తయి సువార్తలోను మార్కు సువార్తలోను అది కలదు.

చెల్లెలు తన పాత బైబిలు తీసి, “ఈ మార్కు ఎవరో నీకు తెలియునా?” అని కూతురి నడిగెను.

“సువార్త వ్రాసినవాడు.”

“పెద్దలు చెప్పుచున్నది అదియే. కాని అంతకు ముందు అతడు నడుమ విడిచిపోయినవాడు. పౌలును బర్నబాయును సువార్త ప్రకటింపబోవుచు ఇతనిని వెంట తీసికొనిపోయిరి. పంఫులియా దేశమువరకు పోయి, అక్కడ వారిని విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను. ఏల పోయెనో గ్రంథములో లేదు. ఇంటిలో తల్లి యున్నది, ఆమెకొరకేమో! తరువాత మరల బయలుదేరునప్పుడు పౌలు ఇతడు వలదనెను. బర్నబా విడువలేదు. ఆ ఇద్దరు పెద్దవారును అందుకొరకే విడిపోయిరి. బర్నబా తన బంధువైన ఈ చిన్నవానిని వెంటబెట్టుకొని కుప్ర ద్వీపమునకు పోయెను. ఎన్నో యేండ్ల తరువాత, ఆ పౌలే చెరసాలలోనుండి తిమోతికి వ్రాయుచు, మార్కును తీసికొనిరమ్ము, అతడు నాకు పనికివచ్చునని చెప్పి పంపెను.”

అని చెప్పి ఆమె మావైపు చూపి, “ఇదిగో, మీ పెద్దమ్మయే నీ బర్నబా. కారు అద్దెకూడ ఇచ్చినది” అనెను. మందిరములో నుంటిమను మాట మరచి ముగ్గురమును నవ్వితిమి. ముందువరుస తల్లి వెనుకకు తిరిగి చూచి, కారణము తెలియకున్నను తానును చిరునవ్వు నవ్వెను.

నవ్వు ఆగిన పిమ్మట అమ్మాయి తల వంచెను. చాలసేపటికి, వినవచ్చియు వినరాని గొంతుతో ప్రార్థించెను. కాళ్లమాట ఎత్తలేదు. రేపు ఆ వాకిలి దాటుటకు ధైర్య మిమ్మనియు, అమ్మ చేతులకు బల మిమ్మనియు మాత్రము అడిగెను. అంత చిన్న కోరిక అడుగుటకు ఆ బిడ్డకు ఇంత దూరము రావలసివచ్చెను.

మరునాడు తిరుగుదారి పట్టితిమి. కళాశాల వాకిట కారాగెను. గడపలోనే బాలికలు గుంపులుగా నుండిరి. లోపల కార్యాలయమున ఒక గుమాస్తా కాగితములు చూచి, “రెండేండ్లు ఇంటిలో కూర్చుండి ఇప్పుడు వచ్చితివా!” అనెను. మాకు కోపము వచ్చి ఏదో అనబోతిమి. అమ్మాయి మా చేయి నొక్కి, “కూర్చుండలేదండీ, పనిచేయుచుంటిని. సంతకము ఎక్కడ పెట్టవలెను?” అనెను. ఆ గొంతు మాకు కొత్త. చెల్లెలు కారులోనుండి దిగలేదు. దిగినచో బిడ్డ మనసు మారునని భయపడినదట. చేయి మాత్రము కిటికీలోనుండి బయటికి చాచి, కనుమరుగగువరకు ఊపెను.

ఈ వ్యవహారమున మేము నేర్చుకొన్నవి రెండు మూడు చెప్పుదుము. చదువు ఆపవలసివచ్చినపుడు చెప్పక మానుట తప్పు. కారణము వ్రాసి ఇచ్చి, దాని నకలు దాచుకొనవలెను. ఆసుపత్రి కాగితములును భద్రపరచవలెను. చదువు ముగించుటకు విశ్వవిద్యాలయమువారు గడువు పెట్టుదురు. అది దాటకముందే విచారింపవలెను. నడుమ పాఠములు మారియుండవచ్చును. ఏవి క్రొత్తగా చదువవలెనో ముందే అడిగి తెలిసికొనవలెను. అన్నిటికంటె ముఖ్యము, తిరిగిపోవు పిల్లను ఒంటరిగా పంపరాదు. ఆ మొదటినాడు వాకిటివరకైనను ఒకరు తోడు పోవలెను.

ఇప్పటికి నాలుగు నెలలైనది. మొదటివారము ప్రతి రాత్రియు ఫోనులో ఏడ్పే. ప్రక్కబల్ల పిల్లలు ‘అక్కా’ అని పిలుచుట చిన్నతనముగా నుండెనట. పిమ్మట ఒకనాడు ప్రయోగశాలలో ఒక పిల్ల చేయి గాజుముక్కకు తెగి నెత్తురు కారుచుండగా అందరును బెదరిపోయిరట. ఈమె మాత్రము గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి, చేయి పైకెత్తించి, నెత్తురు కట్టించెనట. నాటినుండి ‘అక్కా’ అను పిలుపు చేదుగా లేదని చెప్పెను. మొన్నటి పరీక్షలో ఒక పాఠము తప్పెను. మరల వ్రాయునట. ఆ మాట చెప్పునపుడు గొంతు వణకలేదు.

ఇక్కడ మా చెల్లెలు చెక్క పలక సాయమున తానే కుర్చీలోనికి జరుగుచున్నది. ఒక్కొక్కనాడు రెండు నిమిషములు, అలసిననాడు పది నిమిషములు. పగలు పొరుగున నున్న ఒకామె వచ్చి చూచిపోవును. పొయ్యిని కుర్చీ యెత్తునకు దింపించితిమి. కాళ్లు రాలేదు. వచ్చునని మేము ఇప్పుడు ఎదురుచూచుటయు లేదు. విశ్వాసమనగా పోయినదంతయు పోయినట్లే తిరిగివచ్చుననుట కాదనియు, మిగిలినదానితో నేడు వేయదగిన అడుగు వేయుటకు తోడొక డున్నాడనుటయే యనియు రాయవేలూరిలో మాకు తెలిసినది.

రాత్రి ప్రార్థనవేళ చెల్లెలు ఫోను బల్లమీద పెట్టును. ఆవలినుండి అమ్మాయి గొంతు వినవచ్చును. మా యింట ఇప్పుడు చివరిమాట ఆ పిల్లదే.